కళ్లార్పకపోతే మనిషి కాదా?

బ్యాంకు ఖాతా కోసం ఫోన్ కెమెరాలోకి చూస్తే ‘కళ్లు ఆర్పండి’ అంటుంది. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషే అనడానికి అదే రుజువట. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ కళ్లు ఆర్పలేరు. 2023లో ఒక బ్యాంకులో ఆమె కేవైసీ అక్కడే ఆగిపోయింది. బెంగళూరులో తనలాంటి బాధితుల కోసం ‘అతిజీవన్’ సంస్థ నడుపుతున్న ఆమె ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ నిబంధన మార్చాలని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. అంతకుముందు యాసిడ్ అమ్మకాలపై 2013లో ఆంక్షలు వచ్చిందీ ఒక బాధితురాలి పిటిషన్‌తోనే. ఆ బాధితురాలు లక్ష్మీ అగర్వాల్. దాడి జరిగేనాటికి ఆమెది టీనేజీ.

యాసిడ్ బాధితులను 2016 చట్టం దివ్యాంగుల జాబితాలో చేర్చింది. సర్టిఫికెట్ వస్తుంది, పరిహారం ఎప్పటికో వస్తుంది. కానీ చున్నీ ముఖానికి చుట్టుకుని గదిలో కూర్చున్న పదహారేళ్ల పిల్లను గడప దాటించేదెవరు?

ఆగ్రాలో తాజ్‌మహల్‌కు దగ్గర్లో 2014లో మొదలైన ‘షీరోస్’ కేఫ్‌ దీనికి ఒక దారి చూపింది. గోడల నిండా రంగుల బొమ్మలు. మెనూలో ధరలుండవు, తోచినంత ఇచ్చి వెళ్లవచ్చు. ఆర్డరు తీసుకునేదీ, టీ తెచ్చేదీ యాసిడ్ బాధితులే. ముఖాన ముసుగు లేదు. కొత్తగా వచ్చిన పిల్లకు కౌన్సెలింగ్ కన్నా ముందు కనిపించేది తనలాగే కాలిన ముఖంతో గల్లాపెట్టె దగ్గర నవ్వుతూ చిల్లర లెక్కపెట్టే అక్క. ఆ పని ఏ అధికారీ చేయలేడు.

మన దగ్గర సంగతి చూద్దాం. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. రోజుల వ్యవధిలోనే నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోతే జనం స్వీట్లు పంచుకున్నారు. ఒక అమ్మాయి ప్రాణం దక్కలేదు. ఇప్పటికీ ఆ ఎన్‌కౌంటర్ గురించే మాట్లాడుకుంటాం. బతికిన అమ్మాయికి ఆ తర్వాత ఏం కావాల్సి వచ్చిందో అడిగినవాళ్లు ఎందరు? మా పత్రికలవాళ్లమూ ఆ లెక్కలో లేం.

వరంగల్‌లోనో విశాఖలోనో ఒక చోటు, బొమ్మలు వేసుకోవడానికి గోడలు, కుట్టుకోవడానికి నాలుగు మిషన్లు, నడిపేందుకు కొందరు బాధిత మహిళలు. రెండు ప్రభుత్వాలకూ ఇదేమంత భారం కాదు. నడిపేవాళ్లకు మాత్రం నెలనెలా జీతమే ఇవ్వాలి. గౌరవ వేతనమని పేరుపెట్టి ఆర్నెల్లకోసారి విదిలిస్తే కుదరదు.