గడీలో ఒక రాత్రి: దొరతనం కిరాయికి

తాత వెట్టికి పోయిన దొర కోటలో, అంటే గడీలో, మనవడు పైసలు కట్టి పండుకుంటే అంతకన్నా సామాజిక ప్రగతి ఏముంటుంది? నల్లగొండలోనో పాలమూరులోనో గడీని హోటల్ చేస్తామని ఎవరొచ్చినా దండలేసి పిలవాలి. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టి డ్రాయింగ్ బోర్డులు పరిచారు. ఎంత దుబారా! ఆ గదులు రాత్రికి పదివేలు పలికేవి.

పర్యాటక శాఖ లెక్కలో హెరిటేజ్ హోటల్ అంటే 1950కి ముందు కట్టిన భవనం ఉండాలి. జాగీర్లు రద్దయింది 1949లో. దొరల పొద్దు ఎక్కడ గుంకిందో, దాదాపు అక్కడే సర్కారువారి వారసత్వమూ ఆగింది. 1946 నుంచి తెలంగాణ సాయుధ పోరాటంలో సంఘపోళ్లు గడీల మీదికి పోయారు కదా, వాళ్లు బురుజులు మిగిల్చారా లేదా అన్నది ఇప్పుడు పెట్టుబడిదారుడి బెంగ.

ఇక గది సంగతి. రాతిగోడ రెండు మూడడుగుల మందం. ఎండాకాలం చల్లగా ఉంటుంది గానీ వైఫై దాటదు. సిగ్నల్ కోసం ఫోను రెండు చేతులా పట్టుకొని గడప దగ్గర ఒదిగి నిలబడాలి. మన వంశాలకు ఆ నిలబడడం కొత్తేం కాదు.

మంచం తలాపున గోడను ఒకసారి తడిమి చూడండి. పూత ఉబ్బి చేతికి తెల్లపొడి అంటితే, డంగు సున్నం గోడ మీద సిమెంటు పూసి ప్లాస్టిక్ పెయింటు కొట్టి ఉంటారు. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచైతే ఆరిపోతుంది. సిమెంటు కింద ఇరుక్కుంటే మాత్రం ఉప్పు పైకి తేలుతుంది. కొన్ని వానాకాలాలకే పూత ఉబ్బి పెచ్చులు రాలుతుంది. సరిగ్గా చెయ్యాలంటే సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో మాగబెట్టాలి. ఒకపాలు సున్నానికి రెండు మూడుపాళ్లు ఇసుక వేసి గానుగలో నూరాలి. బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు కలిపి పలుచటి పొరలుగా పూసి, రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. ఈ ఓపికంతా వెట్టి ఉన్నన్నాళ్లే. కూలి లెక్కగట్టి ఇయ్యాల్సి వచ్చాక ఎంత కళాపోషకుడికైనా సిమెంటే ముద్దొస్తుంది.

చరిత్ర నిజంగా బతికున్నది బిల్లులో. గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. పదివేల గదికి 1,800 అన్నమాట. దాని కింద సర్వీస్ ఛార్జీ అని ఇంకో వరుస ఉంటే, అది పాత నజరానాయే. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి. అడగడానికే నోరు పెగలదు, ఎదురుగా రుమాలు చుట్టిన మనిషి నడుం వంచి దండం పెడుతుంటాడు మరి. ఆ వంగడం ప్యాకేజీలోదే. ఆయనకు దానికి నెలజీతం ఉంది, ఆయన తాత ఉత్తగనే వంగాడు.

తాత చెప్పులు చేతబట్టుకొని దాటిన దర్వాజ అది. మనవడూ చెప్పులు చేతబట్టుకొనే దాటుతాడు: గదిలో ఉచితంగా ఇచ్చిన తెల్లజోడు, బ్యాగులో పట్టలేదు.