ముందోలు బిగుతు: కత్తి కంటే ముందు వయసు చూడాలి

మగపిల్లవాడికి స్నానం చేయించేటప్పుడు అంగం ముందోలును బలవంతంగా వెనక్కి లాగే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. నల్లగొండలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా బాలింతకు పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తల్లో ఇదీ వినిపిస్తుంది: రోజూ నూనె రాసి లాగకపోతే చర్మం అతుక్కుపోతుందని. నిజం దీనికి తలకిందులు. పుట్టినప్పుడు దాదాపు మగపిల్లలందరికీ ముందోలు దాని లోపలున్న అంగం కొనకు అంటుకునే ఉంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ దానంతట అదే విడివడుతుంది. డెన్మార్క్ వైద్యుడు జాకబ్ ఓస్టర్ బడిపిల్లలను పరీక్షించి 1968లో ప్రచురించిన లెక్కల ప్రకారం 6-7 ఏళ్ల వయసులో బిగుతు ఉన్నవారు 8 శాతం; 16-17 ఏళ్లకు 1 శాతమే. తొందరపడి లాగితే చర్మం చిట్లుతుంది. మానిన చోట మచ్చ కడుతుంది. ఆ మచ్చ సాగదు. లేని జబ్బును చేతులారా తెచ్చిపెట్టడమంటే ఇదే.

కాబట్టి చిన్నపిల్లల విషయంలో చాలావరకు ఏమీ చేయకపోవడమే చికిత్స. మూత్రం పోసేటప్పుడు చర్మం కాస్త ఉబ్బినా, ధార బాగానే వస్తుంటే బెంగ పడనక్కరలేదు. బిడ్డ నొప్పితో ఏడుస్తున్నా, ధార సన్నబడినా, కొన పదేపదే ఎర్రబడి వాచినా, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో జ్వరం వస్తున్నా సర్జన్‌కు చూపించాలి. తొలి చూపులోనే ఆపరేషన్ తేదీ చెబితే ఇంకో డాక్టరు మాట కూడా వినడం మంచిది.

బడి ఈడు పిల్లలకు, కుర్రవాళ్లకు వైద్యం అవసరమైతే ముందు ప్రయత్నించాల్సింది ఆయింట్‌మెంటే. డాక్టరు చూసి రాసిచ్చిన బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్‌ను రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడితే ఎక్కువ మందిలో బిగుతు సడలుతుంది. అయితే రాసే తీరు తెలియాలి. కొన మీద పైపైన పూసి, నెల తర్వాత మందు పనిచేయలేదంటే లాభం లేదు. నొప్పి పుట్టనంత మేరకే చర్మాన్ని వెనక్కి జరపాలి. అక్కడ ఉంగరంలా బిగుసుకున్న అంచు కనిపిస్తుంది. మందును పలుచగా ఆ అంచుకే రాయాలి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసేటప్పుడు ఆ అంచును మెల్లగా సాగదీస్తూ రావాలి. ఆ తర్వాత చర్మాన్ని మళ్లీ ముందుకు తేవడం మరవకూడదు. ఇంత వివరం చెప్పే తీరిక మన ఓపీల్లో ఎవరికీ ఉండదు, మందు విఫలమవడానికి సగం కారణం అదే అని నా నమ్మకం. మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలగలిపిన ట్యూబు చేతిలో పెడతారు. అది ఈ పనికి కాదు.

ఆయింట్‌మెంట్‌కు లొంగని బిగుతూ ఉంది. అంచు తెల్లగా, గట్టిగా మారి, పగుళ్లు వస్తుంటే అది మచ్చ కట్టిన చర్మం కావచ్చు. దాన్ని వాయిదా వేయకూడదు. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి వదిలేసిన బిగుతు అంగం క్యాన్సర్‌కు దారితీసే కారణాల్లో ఒకటి కూడా. మచ్చ లేని చోట బిగుసుకున్న అంచు వరకే కోసి వెడల్పు చేసి, చర్మాన్ని ఉంచేసే ఆపరేషన్ ఉంది. ఆ సంగతి రోగికి చెప్పేవారు తక్కువ. మచ్చ కడితే మాత్రం సున్తీయే సరైన దారి.

ఇక్కడే చాలా హిందూ కుటుంబాలు వెనకడుగు వేస్తాయి. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు, పాలమూరు పల్లెల పీర్ల పండుగకు కులమతాలు చూడకుండా కదిలే మన జనం, ఈ ఆపరేషన్ దగ్గరకు వచ్చేసరికి మతం మారినంతగా జంకడం బాధ కలిగిస్తుంది. వైద్యం కోసం చేసే సున్తీ వైద్యమే. ఇంకో మాట ఇంటింటికీ చేరాలి: మూత్ర రంధ్రం అంగం కింది వైపు ఉన్న బిడ్డకు ఏ మతంలోనైనా సరే, సర్జన్ చూడకుండా సున్తీ చేయించకూడదు. ఆ లోపాన్ని సరిదిద్దే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి.

పెద్దవాళ్లకు ఇది మత్తు సూదితో అదే రోజు ఇంటికి పంపే ఆపరేషన్. పుండు మానడానికి రెండు మూడు వారాలు, దాంపత్యానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. పుణేలోనో ముంబైలోనో తట్టలు మోసే పాలమూరు కూలీకి ఆ రెండు మూడు వారాలంటే కూలి డబ్బులు పోవడమే. అందుకే అతడు వాయిదా వేస్తాడు, పెళ్లి కుదిరాక హడావుడిగా పరుగెత్తుతాడు. ఆ హడావుడి మీదే గుప్త రోగాల లాడ్జి వైద్యులు బతుకుతున్నారు.

నలభై దాటాక కొత్తగా బిగుతు మొదలైతే ముందు చేయించాల్సింది షుగరు పరీక్ష. రక్తంలో షుగరు పెరిగితే అది మూత్రంలోకి దిగి, ముందోలు కింద ఫంగస్‌కు మేత అవుతుంది. దురద, పగుళ్లు, ఆ వెంట బిగుతు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగరును మూత్రం గుండానే బయటకు పంపుతాయి కనుక వాటితోనూ ఈ ఇబ్బంది రావచ్చు. సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెప్పాలి. షుగరు అదుపులోకి రాకుండా కోత పెడితే పుండు సరిగ్గా మానదు.

వెనక్కి వెళ్లిన చర్మం ముందుకు రాక, కొన వాచిపోతే మాత్రం తెల్లవారే దాకా ఆగకూడదు. రక్తం ఆడక ఆ భాగమే పాడవుతుంది. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. పదేళ్ల కిందటిలా చిన్న ఆపరేషన్‌కూ హైదరాబాద్ బస్సెక్కే రోజులు కావివి. అయినా ప్రభుత్వ ఆస్పత్రి సర్జరీ ఓపీ అంటే మనకు తెలిసిన దృశ్యమే: డాక్టరు బల్ల చుట్టూ ఆరుగురు, వెనక వరుసలో ఊరివాళ్లు, చీటీ రాసే చోట బిగ్గరగా పేరు, జబ్బు. ఆ గుంపులో ఇరవై ఏళ్ల కుర్రవాడు ‘మూత్రంలో మంట’ అని మాత్రమే అంటాడు, మాత్రలు తీసుకుని వెళ్లిపోతాడు. వారానికి ఒక పూట మగవారి సమస్యలకు తలుపు మూసే గది ఒకటి కేటాయించాలి. ఆయింట్‌మెంట్ ఎలా రాయాలో బొమ్మ చూపి చెప్పే నర్సును అక్కడ కూర్చోబెట్టాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లే బృందాలు తల్లులతో ‘లాగకండి’ అనే ఒక్క ముక్క చెప్పినా చాలు. వీటికి కొత్త భవనాలు అక్కరలేదు, ఆస్పత్రి సూపరింటెండెంట్ ఒక ఉత్తర్వు ఇస్తే వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.