ఒక్కడి కోసం చూడ్డం మొదలుపెట్టినోళ్లు అభిమానులు కారా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజి తెగ తిరగతా ఉంది. ఒక్క ఆటగాడి కోసం ఫుట్‌బాల్ చూసేవాడు ఫుట్‌బాల్ అభిమానే కాడంట. కింద ఆరు కారణాలు. ముందు క్లబ్బును ఎంచుకోవాలంట. మెస్సీ, రొనాల్డో పేరు చెప్పుకొని వచ్చినోడికి ఆఫ్‌సైడ్ కూడా తెలియదంట. ఆటగాడు క్లబ్బు మారితే వీడూ మారిపోతాడంట. ఆడపిల్లలు చూసేది ఆటగాళ్ల ముఖాలంట. తెలుగువాళ్లది ఫుట్‌బాల్ నేల కాదంట. అర్ధరాత్రి మ్యాచిలతో పిల్లల చదువు పాడంట. చదివినోళ్లంతా బొటనవేలు బొమ్మ పెట్టి ఇంకో గ్రూపుకు తోసేస్తా ఉన్నారు. ఎవరూ ఒక్క నిమిషం ఆగి ఆలోచించినట్టు లేదు.

క్లబ్బు ముందు అనే మాట లివర్‌పూల్‌లో చెల్లుతుంది. అక్కడ పిల్లోడు ఎరుపా (లివర్‌పూల్ క్లబ్బు) నీలమా (ఎవర్టన్ క్లబ్బు) అనేది వాడు పుట్టకముందే ఇంట్లో తేలిపోయి ఉంటుంది. ఆత్మకూరులోనో చీమకుర్తిలోనో పుట్టినోడికి ఏ క్లబ్బు వస్తుంది? మన రెండు జిల్లాల్లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆడే జట్టు ఒక్కటీ లేదు. ఇక్కడి పిల్లోడికి మొదట కనపడేది మనిషే. సచిన్ అవుటయితే టీవీ కట్టేసిన ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు? వాళ్లని ఎల్‌బీడబ్ల్యూ రూలు అప్పజెప్పమని ఎవరన్నా అడిగారా? ఆటగాడి పిలుపుకి ఎంత బలముందో 2018 జూన్‌లో దేశమంతా చూసింది. ముంబయిలో ఇండియా చైనీస్ తైపీని 5-0తో కొట్టింది, అప్పటి కెప్టెన్ సునీల్ ఛెత్రి మూడు గోల్స్‌తో హ్యాట్రిక్ చేశాడు, చూడ్డానికి వచ్చింది 2,569 మంది. మరునాడు ఛెత్రి వీడియో పెట్టి, తిట్టడానికైనా సరే స్టేడియానికి రండి అని బతిమాలాడు. ఇంకో రెండ్రోజులకి కెన్యాతో మ్యాచి. టికెట్లు ఒక్కటి మిగల్లేదు.

ఆఫ్‌సైడ్ సంగతి. పాస్ వదిలే క్షణానికి ప్రత్యర్థి సగంలో, బంతి కంటే ముందు, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కంటే గోలుకి దగ్గరగా ఉన్నోడు ఆ బంతి ఆడితే ఆఫ్‌సైడ్. గోల్స్ కొట్టే స్ట్రయికర్‌ని ఇష్టపడే పిల్లోడికి ఈ రూలు అందరికంటే ముందు వంటబడుతుంది, ఎందుకంటే వాడి హీరో గోల్స్ రద్దు చేసేది ఆ రూలే. నార్వే స్ట్రయికర్ హాలండ్‌ని చూడండి. డిఫెండర్ కంటికి ఆనని పక్కన నిలబడతాడు, నేరుగా ఉరకడు, డిఫెండర్ల లైను వెంబడి వంపు తిరిగి, పాస్ కాలు వదిలే క్షణానికి లోపలికి దూకుతాడు. చూడాల్సింది ఆ క్షణం, బంతి అందుకునే క్షణం కాదు. చివరి నుంచి రెండో ప్రత్యర్థితో సమంగా ఉంటే ఆఫ్‌సైడ్ లేదు. త్రో-ఇన్, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికీ లేదు. హాలండ్ గోల్స్ నాలుగు రద్దయితే ఇదంతా పిల్లలే మీకు చెప్తారు.

ఆటగాడిని ఇష్టపడి కూడా ఆట నేర్చుకోనోళ్లు ఉన్నారు. దానికి కారణం రీల్స్. రీలులో గోలు కొట్టిన కాలు ఒక్కటే ఉంటుంది, బంతి ఇచ్చినోడు ఉండడు. టీవీ కెమెరా కూడా బంతి వెంటే పోతుంది. అందుకని గోల్ కిక్, కార్నర్, త్రో-ఇన్ దగ్గర ఆట ఆగి కెమెరా వెడల్పుగా చూపించేటప్పుడు మీ ఆటగాణ్ని వెతకండి. బంతి రాకముందు తల ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నాడో గమనించండి. గోలు పడితే 20 సెకన్లు వెనక్కి జరిపి మళ్లీ చూడండి. 2022 ప్రపంచ కప్పు ఫైనల్‌లో 36వ నిమిషంలో అర్జెంటీనా ఆటగాడు డి మరియా కొట్టిన గోలే తీసుకోండి. స్కోరు కార్డులో ఆ గోలు పక్కన మెస్సీ పేరు ఉండదు. కానీ ఇరుకులో ఒక్క తాకుడుతో బంతిని అల్వారెజ్ దారిలోకి తిప్పింది మెస్సీ, అల్వారెజ్ ముందుకు మెక్ అలిస్టర్‌కి, అక్కణ్నుంచి అడ్డంగా డి మరియాకి. మెస్సీ కోసం కూర్చున్న పిల్లోడు ఆ ఒక్క గోలుతో నలుగురి పని నేర్చుకుంటాడు. పది రీల్స్ కంటే పూర్తిగా చూసిన ఒక్క హాఫ్ మేలు.

ఇప్పుడు ఆడపిల్లల మీద రాసిన మాట. మిగతావి తెలియక రాసుంటారని వదిలేయొచ్చు, దీన్ని మాత్రం వదలను. జెర్సీ వేసుకున్న పదమూడేళ్ల పిల్లని ఆపి ఆఫ్‌సైడ్ అంటే ఏందో చెప్పు అని అడగడం, పక్కనే అదే జెర్సీ వేసుకున్న తమ్ముణ్ని అడక్కపోవడం. ఈ మెసేజి చదివినోళ్లు చేయబోయేది ఇదే. ఆ పిల్ల రెండోసారి నోరెత్తదు, మూడోసారి ఆ ఛానల్ పెట్టదు. ఆట నుంచి ఆడవాళ్లని తరమడం కొత్తేం కాదు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ అనే ఆడవాళ్ల జట్టు మ్యాచికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదంది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. యాభై ఏళ్లు తలుపులు మూసి, ఆడవాళ్లకి ఆట తెలియదనడానికి నోరెట్టా వస్తుంది? 2022లో బార్సిలోనాలో ఆడవాళ్ల మ్యాచికి 91,648 మంది కూర్చున్నారు. మన దేశపు అమ్మాయిలు ఆసియా కప్పులో రెండుసార్లు రన్నరప్. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకి అర్హత తెచ్చుకున్నారు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడింది. వీళ్లని చూసే పిల్లల్ని కూడా ముఖాలు చూస్తున్నారంటారా?

సరే, ముఖం చూసే మొదలైందనుకోండి. తప్పేంది? ఇంగ్లండ్ ఆటగాడు బెక్హామ్ జుట్టు చూడ్డానికి కూర్చున్న పిల్లకి 2001లో గ్రీస్ మీద 93వ నిమిషంలో కొట్టిన ఫ్రీ కిక్ కూడా కనపడుతుంది. ఎడమకాలు బంతి పక్కన ఆనుతుంది, ఒళ్లు పక్కకి వాలుతుంది, కుడిపాదం లోపలి అంచు బంతి నడిమధ్యన కాకుండా కాస్త కుడివైపున తగులుతుంది. ఆ దెబ్బకి బంతి గిరగిరా తిరుగుతుంది, తిరిగే బంతికి రెండు పక్కలా గాలి ఒకే తీరుగా పోదు, అందుకే అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్ల గోడ దాటాక వంగుతుంది. ఆ పిల్ల రేపు నెల్లూరు వీఆర్సీ గ్రౌండులోనో ఒంగోలు ఏబీఎం గ్రౌండులోనో అదే తన్నుతుంది. మధ్యలో తన్నితే నేరుగా పోతుందని, మరీ అంచున తన్నితే జోరు చచ్చిపోతుందని తనే కనుక్కుంటుంది.

తెలుగు నేల మాటకి ఒక్క వాక్యం చాలు: 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టిన ఇండియా ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ హైదరాబాద్ రహీం సాబ్.

ఆటగాడు మారితే అభిమానీ పోతాడన్నది కొంత నిజమే. 2021లో మెస్సీ వెళ్లగానే బార్సిలోనా చూడ్డం మానేసినోళ్లు చాలామంది. అయితే 2023లో ఆయన వెంట అమెరికాలోని ఇంటర్ మయామి క్లబ్బుకి పోయినోళ్లు ఊరికే పోలేదు. జీతాలకి పరిమితి ఉండే లీగు ఎట్టా నడుస్తుందో, ఆ పరిమితి దాటి జీతమిచ్చేందుకు జట్టుకి ముగ్గురినే ఎందుకు అనుమతిస్తారో, 2007లో ఆ రూలు పెట్టింది బెక్హామ్‌ని తెచ్చుకోడానికేనని, ఆ బెక్హామే ఇప్పుడు మయామి యజమానుల్లో ఒకడని తెలుసుకున్నారు. ఒకే క్లబ్బుకి అంటుకుపోయినోడికి ఇవన్నీ తెలుసుకునే పని ఎప్పుడు పడింది?

అర్ధరాత్రి మ్యాచిల మాట మాత్రం ఒప్పుకుంటున్నా, పూర్తిగా. యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచిలు మనకి రాత్రి 12:30కి మొదలు, అక్టోబర్ చివర యూరప్ గడియారాలు వెనక్కి తిప్పాక 1:30కి. అయిపోయేసరికి రెండున్నర, లేదంటే మూడున్నర. ఏడింటికి స్కూలు బస్సెక్కే పిల్లోడు బుధవారం రాత్రి అది చూడకూడదు, మెస్సీ అయినా సరే. శనివారం ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చూపించండి: సాయంత్రం 5, రాత్రి 7:30, 10 గంటలకి ఉంటాయి, చలికాలంలో ఒక గంట ఆలస్యంగా. మయామి సొంతగడ్డ మీద ఆడే శనివారం రాత్రి మ్యాచి ఎక్కువగా మనకి ఆదివారం తెల్లవారి 5 గంటలకి పడుతుంది. పదింటికల్లా పడుకోబెట్టి ఆ పూటకి లేపండి.