ప్రశ్ననూ బట్టీ పట్టిస్తున్నాం

మన రాష్ట్ర సైన్స్ పాఠ్యపుస్తకాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం’ ఒక విద్యా ప్రమాణం. దానికి పరీక్షలో మార్కులూ ఉన్నాయి. ‘కిడ్నీల డాక్టరును కలిస్తే ఏం అడుగుతావు?’ లాంటివి అలా వచ్చినవే. చాలా మంచి ఆలోచన. కానీ కోఠిలో గైడు కొని తెరిస్తే ఆ అడగాల్సిన ప్రశ్నలు కూడా అచ్చేసి ఉంటాయి. కిడ్నీలు ఎందుకు పాడవుతాయి, డయాలసిస్ ఎప్పుడు చేస్తారు... పిల్లలు వాటినే వరసగా అప్పజెప్తారు. ‘మా నానమ్మకు మంచినీళ్లు కూడా కొలిచి ఎందుకిస్తున్నారు?’ అని సొంతంగా రాసిన పిల్లకు మార్కు వెయ్యాలా వద్దా అన్నది కీ చూసి దిద్దేవారికి తేలదు. బడి కుతూహలాన్ని తిట్టి చంపుతోందనుకుంటాం. అంతకన్నా ఘోరం, దానికీ జవాబు పత్రం తయారుచేసి పెట్టడం.

ఈ నష్టం పదో తరగతిలో మొదలైంది కాదు. బ్రిటన్‌లో పరిశోధకులు బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ నాలుగేళ్ల ఆడపిల్లల మాటలు రికార్డు చేసి 1984లో ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో అమ్మను గంటకు సగటున 26 ప్రశ్నలు అడిగిన పిల్లలు నర్సరీలో అడిగినవి 2.

కారణం ఎక్కడుందో అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గడియారం పెట్టి చూపించారు. టీచరు ప్రశ్న వేశాక ఆగేది సుమారు ఒక్క సెకను. పిల్ల నోరు తెరిచి ముగించగానే ‘వెరీ గుడ్, నెక్స్ట్’. ఈ రెండు చోట్లా 3 సెకన్లు ఆగినప్పుడు జవాబులు పెద్దవయ్యాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది, పిల్లలు తామే అడగడం పెరిగింది. రెండో విరామమే కీలకం. మెచ్చుకోలు వినపడగానే ఆ విషయం అక్కడికి అయిపోయిందని మిగతా పిల్లలు అనుకుంటారు.

సిలబస్ అవ్వదు, సెక్షన్‌కు 50 మంది అంటారు. పీరియడ్‌లో 20 ప్రశ్నలు వేసి, ఒక్కో జవాబుకు ముందూ వెనకా 2 సెకన్లు చొప్పున అదనంగా ఆగినా అయ్యేది 80 సెకన్లు. కూకట్‌పల్లిలో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పెట్టే బడికి ఆ మాత్రం టైము దొరక్కపోదు.

‘డౌట్లున్నాయా?’ అని గంట కొట్టే ముందు అడగడం మానేయాలి. అప్పుడు చెయ్యెత్తితే క్లాసంతా కళ్లెర్రజేస్తుంది. పాఠం మొదట్లోనే పేరు లేని చీటీ మీద తలా ఒక ప్రశ్న రాయించి, కొన్ని గోడకు అంటించి, పాఠంలో తేలినవాటిని కొట్టేస్తూ పోవాలి. మిగిలినవే ప్రాజెక్టులు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించే ప్రాజెక్టుకు అప్పుడు చోటుండదు. పరీక్షలో మాత్రం పుస్తకంలో లేని బొమ్మో పట్టికో ఇచ్చి ప్రశ్నలు రాయమనాలి. గైడు అక్కడ పనికిరాదు.

ఇది సైన్స్ క్లాసు గొడవే కాదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ‘మా వీధి రోడ్డు ఎందుకు వెయ్యలేదు?’ అని దరఖాస్తు పెడితే, కారణాలు చెప్పడం మా పని కాదని అధికారి తోసిపుచ్చే వీలుంది. ‘ఫలానా పనికి మంజూరైన మొత్తం ఎంత, బిల్లు ఏ తేదీన చెల్లించారు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు ఇవ్వండి’ అంటే 30 రోజుల్లో బదులివ్వాలి. పదేళ్ల బడి చదువులో మన పిల్లల చేత అలాంటి ప్రశ్న ఒక్కటైనా సొంతంగా రాయించామా?