బెలూన్‌లోంచి రైతును తోసేశారు

బెంగళూరు మారతహళ్లిలో అడుగుకొక పీజీ హాస్టలు, రెండడుగులకొక స్పోకెన్ ఇంగ్లిషు కేంద్రం ఉన్న సంగతి పాఠకులకు విన్నవించనక్కరలేదు. అటువంటి ఒక కేంద్రంలో 12,000 రూపాయలు కట్టి మా మేనల్లుడిని చేర్పించిన పుణ్యానికి, వెనుక బల్లపై కూర్చొని, ఆటపాటలతో ఆంగ్లం ఎట్లా అబ్బుతుందో కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది.

మొదట 'జామ్' అనే ఆట వడ్డించారు. ఒక్క నిమిషం పాటు తడబడకుండా, అన్న మాట మళ్లీ అనకుండా, విషయం వదలకుండా మాట్లాడాలి. ఇవి 1967లో బీబీసీ రేడియోలో మొదలైన 'జస్ట్ ఎ మినిట్' కార్యక్రమపు నియమాలు. మాటలతోనే పొట్టపోసుకునే హాస్యగాళ్లను తికమకపెట్టడానికి కల్పించిన ఈ ముళ్లకంచెను, 'హి'కీ 'షి'కీ తేడా నిన్ననే నేర్చుకున్న పిల్లల చుట్టూ నాటారు. ('ఏమేమి', 'ఎక్కడెక్కడ' అని ఒకే మాటను రెండుసార్లు పలికితే శిక్షించకపోగా, ఆమ్రేడిత సంధి అని సూత్రమే రాసుకున్న భాష మనది.) పైగా అసలు ఆటలో తడబడినవాడి చేతిలోని అంశం మరొకరికి పోతుందే గాని, వాడు ఆటలోనే ఉంటాడు, ఎదుటివాడి తప్పు పట్టి తిరిగి లాక్కోవచ్చు. ఇక్కడ తప్పిన మరుక్షణం 'ఔట్'. మన అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరాలను అడ్డగిస్తూనే ఉంటాడు, అప్రస్తుత ప్రసంగి గిల్లుతూనే ఉంటాడు. అయినా అవధానిని వేదిక దింపి గోడపక్కన కూర్చోబెట్టిన సభను నేనెరుగను.

అసలు ఘట్టం బెలూన్. కుర్చీలు గుండ్రంగా వేసి, చీటీలతో తలా ఒక వేషం పంచి, బెలూన్‌లో ఆకాశంలో ఉన్నామనుకొమ్మన్నారు. గాలి తగ్గుతోంది కనుక బరువు దించాలి. ఎవరికి వారు తామెందుకు బతకాలో ఇంగ్లిషులో వాదించుకోవాలి. డాక్టరు ప్రాణాలు కాపాడతానన్నాడు. సాఫ్ట్‌వేరు ఇంజినీరు బెలూన్‌ను బాగుచేస్తానని, అందుకు రెండు వారాలు పడుతుందని చెప్పాడు. కిందికి పడిపోతూ రెండు వారాల గడువు అడగడం బెంగళూరులో ఎవరికీ వింతగా తోచలేదు. సినిమా హీరో కళ్లజోడు తిప్పి ఊరుకున్నాడు, చప్పట్లు మోగాయి. వీరందరికన్నా ఎక్కువ మాట్లాడింది నడుమ నిలబడి 'ఎంజాయ్, ఎంజాయ్' అని అరుస్తున్న ట్రైనరుగారే. అయినా ఆయన బరువు దించుదామని ఎవరూ ప్రతిపాదించలేదు. రైతు చీటీ మదనపల్లె క్యాబ్ డ్రైవరుకు వచ్చింది. టమాటా ధర పడిపోయి, చేను వదిలి స్టీరింగు పట్టిన మనిషి. 'ఐ గివింగ్ ఫుడ్' అని ఆగి, తర్వాతి మాట కోసం పైకప్పు వైపు చూశాడు. పది లెక్కపెట్టి తోసేశారు. తక్కిన నలభై నిమిషాలూ ఆయన గోడపక్కన కూర్చొని, తనను తోసినవారికి చప్పట్లు కొట్టాడు.

మాట్లాడడం రాదనే కదయ్యా ఆ మనిషి డబ్బు కట్టింది! మాట రానివాడి నోరు మొదట మూయించి, వచ్చినవాడికే మిగతా గంటంతా పంచిపెట్టే ఈ తంతును ఏ మొహం పెట్టుకొని పాఠమని అమ్ముతున్నారు? దీనికి బదులు ఒక పటంలో సగం దారి ఒకరికి, సగం దారి మరొకరికి గీసి ఇచ్చి ఎదురెదురుగా కూర్చోబెడితే, అడగక తప్పక, చెప్పక తప్పక ఇద్దరూ చివరిదాకా మాట్లాడతారు. అందులో వీడియో తీసి చూపించుకోవడానికి ఏమీ ఉండదు; అదొక్కటే దాని లోపం.

తిరుగు ప్రయాణం ఆ డ్రైవరు కారులోనే. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్ పోలీసుతో కన్నడంలో, పక్క లారీ మనిషితో తమిళంలో ధారాళంగా వాదించి గెలిచిన ఆయనను, వచ్చే వారం ఏమి ఆటని మా మేనల్లుడు అడిగాడు.

"ఏదో దీవంట సార్. పడవలో ముగ్గురికే చోటంట" అని ఆయన గేరు మార్చాడు.