పద్యం అయ్యేదాకా లైట్లు వేయకండి

డిసెంబర్ సేవా కార్యక్రమాల్లో భాగంగా మన సంఘం హైదరాబాద్‌లో పెట్టిన సాహితీ సాయంత్రానికి నాన్నగారిని తీసుకెళ్లాను. బంజారాహిల్స్‌లో ఒక ప్రివ్యూ థియేటర్. సినిమా జేన్ కాంపియన్ 2009లో తీసిన 'బ్రైట్ స్టార్'. నాన్నగారికి ఎనభై రెండేళ్లు. డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పారు. నేను ఫోన్లో ఈ సంగతి చెప్పిన రోజే చొక్కా ఇస్త్రీ చేయించి తలుపు వెనక కొక్కేనికి తగిలించారని అమ్మ చెప్పింది.

కవి జాన్ కీట్స్, ఫానీ బ్రాన్‌ల ప్రేమకథ అది. లండన్ దగ్గర హ్యాంప్‌స్టెడ్‌లో ఒకే ఇంటి రెండు వాటాల్లో ఉండేవాళ్లు. మధ్యలో ఒక్క గోడ. అబ్బాయికి సంపాదన లేదు, పెళ్లి మాట ముందుకు సాగదు. ఈలోగా తమ్ముణ్ణి మింగిన క్షయే అతన్నీ పట్టుకుంటుంది. ఎండ తగిలితే బాగుపడతాడని ఇటలీ పంపిస్తారు. 1821 ఫిబ్రవరి 23న రోమ్‌లో పోయాడు. ఇరవై అయిదేళ్లు.

కబురు విని ఫానీ మెట్ల దగ్గర కూలబడిపోతుంది. ఊపిరి ఆడక అమ్మను పిలుస్తుంది. తర్వాత నల్లబట్టల్లో, మంచులో నడుస్తూ అతని పద్యం చెప్పుకుంటుంది. అక్కడ పేర్లు మొదలవుతాయి గానీ సినిమా అయిపోదు. ఆ పేర్లు పడుతుండగా కీట్స్ పాత్ర వేసిన బెన్ విషా గొంతు, 1819లో కీట్స్ నైటింగేల్ పిట్ట మీద రాసిన పద్యం చదువుతుంది. మనిషి కనపడడు, గొంతు ఒక్కటే. దర్శకురాలు దాన్ని చివరికి దాచిపెట్టింది అందుకే అనుకుంటాను.

మన హాల్లో రెండు పాదాలైనా పూర్తి కాలేదు. లైట్లు వెలిగాయి. సౌండ్ ఆపేశారు. "ఎవరూ లేవద్దు, మన స్పాన్సర్లను సన్మానించుకుని డిన్నర్‌కి వెళ్దాం" అని మైకు. శాలువాలు వచ్చాయి, మెమెంటోలు వచ్చాయి, ఫొటోకి వరసలు కట్టారు. నాన్నగారికి కుడి చెవి సరిగా వినపడదు. ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఖాళీ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. గొంతు ఆగిపోయిందని ఆయనకి తెలియడానికి కాస్త టైం పట్టింది.

భోజనం వద్దన్నారు. పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, నేనెప్పుడూ వినని మాట చెప్పారు. వాళ్ల పెద్దన్నయ్య పద్యాలు రాసేవాడట. క్షయ వచ్చి అనంతగిరి శానిటోరియంలో ఎనిమిది నెలలు ఉన్నాడట. ఆయన ఒకమ్మాయికి రాసిన ఉత్తరాలను పదేళ్ల నాన్నగారే నిక్కరు జేబులో పెట్టుకుని చేరవేసేవారు. పెద్దనాన్న పోయిన మర్నాడు నానమ్మ పరుపు, బట్టలు, పద్యాల నోటుబుక్కు పెరట్లో వేసి కాల్చేసింది. "ఒక్క పాదం కూడా గుర్తులేదురా" అన్నారు, స్టీరింగ్ మీద ఉన్న నా చెయ్యి వైపు చూస్తూ.

రోమ్‌లోనూ అంతే జరిగింది. జబ్బు అంటుకుంటుందని కీట్స్ ఉన్న గదిలో సామాన్లు కాల్చేశారు. చదివే ధైర్యం లేక అతను విప్పకుండా ఉంచిన ఫానీ ఉత్తరాలు అతనితోపాటే సమాధిలోకి వెళ్లాయి. అతను రాసినవి మాత్రం ఫానీ దాచుకుంది. ఇంకొకర్ని పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, 1865లో పోయేదాకా దాచుకుంది. 1878లో అవి అచ్చయ్యాయి. నానమ్మను నేను తప్పు పట్టలేను. ఇంట్లో ఇంకా అయిదుగురు పిల్లలు, పైగా ఆ అమ్మాయి పేరు బయటికి రాకూడదు. మన ఇళ్లలో ఎంత ప్రేమ ఇలా పెరట్లో బూడిదైందో! కృష్ణశాస్త్రి విరహాన్ని కంఠతా పట్టిన వాళ్లమే, ఇంట్లోవాడి విరహాన్ని అగ్గిలో వేశాం.

కమిటీ వాళ్లతో మాట్లాడాను. హాలు తొమ్మిదికి ఖాళీ చేయాలి, డబ్బిచ్చినవాళ్లకి శాలువా కప్పకపోతే చిన్నబుచ్చుకుంటారు అన్నారు. నిజమే, వాళ్లు లేకపోతే ఆ సాయంత్రమే లేదు. వాలంటీర్లు మూడు రోజులు నిద్రపోలేదని నాకు తెలుసు. మహాసభల్లో నాకు కప్పిన శాలువా అమ్మ ఇప్పటికీ బీరువాలో కలరా ఉండలు వేసి దాచింది. ఆ గౌరవం చిన్నదని నేను అనను. కానీ అవధానంలో పద్యం నడుస్తుంటే గుక్క తిప్పుకోకుండా కూర్చునేవాళ్లం మనమే కదా. మధ్యలో అడ్డు మాటలు వేయడమే పనిగా ఉన్న అప్రస్తుత ప్రసంగికి కూడా అక్కడ ఒక హద్దుంది. పరాయి భాష పద్యమైనంత మాత్రాన ఆ మర్యాద ఎందుకు పోవాలి?

మన సంఘం కార్యవర్గ (ఈసీ) సభ్యులను చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే డిసెంబర్లో ఇదే సినిమా మళ్లీ వేయండి. హాలు అద్దె నేను కడతాను. శాలువాలు ఆరింటికే, సినిమాకి ముందే కప్పేయండి, అందరం నిలబడి చప్పట్లు కొడతాం. ప్రొజెక్టర్ దగ్గర ఒక వాలంటీరును కూర్చోబెట్టి, చివరి పేరు పడేదాకా స్విచ్ ముట్టుకోవద్దని చెప్పండి. నాన్నగారికి కుడివైపు చివరి సీటు ఉంచండి చాలు, ఎడమ చెవి హాలు వైపు ఉంటుంది.