అరికాళ్ల మంటల గురించీ అడగాలి

హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల సిబ్బందికి నొప్పి తగ్గించే వైద్యంలో శిక్షణ కావాలని ఒక వ్యాసంలో చదివాను. అది చాలా అవసరమైన వ్యాసం. నేను ఇలాంటి కేంద్రంలోనే కౌన్సెలర్‌ని. బరువు చూస్తాం, మందులు వేళకు వేసుకుంటున్నారా అని అడుగుతాం, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) రాసుకుంటాం. "ఎక్కడైనా నొప్పి ఉందా అమ్మా" అని అడిగేది మాత్రం తక్కువ.

పాతవాళ్లలో చాలామంది ఒకప్పుడు స్టావుడిన్ అనే హెచ్ఐవీ మందు వాడారు. అది ఆపి ఏళ్లయినా కొందరికి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు పోలేదు. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. వైరస్ కూడా నరాలను దెబ్బతీస్తుంది. టీబీకి ఐసోనియాజిడ్ వాడుతూ బి6 విటమిన్ వేసుకోకపోతే బాధ ఇంకా పెరుగుతుంది. ఈ మంటకు పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు. గాబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందులు డాక్టరు చూసి రాయాలి.

శిక్షణలో తప్పక చెప్పాల్సింది ఇంకోటి ఉంది. నరాల నొప్పికి బయట ఎవరైనా కార్బమజెపైన్ రాస్తే, రక్తంలో డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు మోతాదు తగ్గిపోతుంది. పేషెంటు తన జబ్బు సంగతి బయట చెప్పుకోలేడు. అందుకే మన ఫార్మసిస్టే ప్రతిసారీ "ఇంకేం మందులు వాడుతున్నారు" అని అడగాలి.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అనుమతులు సులువయ్యేలా 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టాన్ని సవరించారు. అయినా రాయడానికి జంకేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది. మన నర్సులను, కౌన్సెలర్లను కొన్నాళ్లు అక్కడ పని నేర్చుకోవడానికి పంపాలని అధికారులను కోరుతున్నాను.